రాళ్ల ఇంజను పానా

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మా ఆయన కిరసనాయిలు గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టారు. ఆ సమయం నాకు ఇంత సరిగ్గా గుర్తుండడానికి కారణం ఉంది. దుకాణంలో గోడ గడియారానికి అప్పుడే కీ ఇస్తున్నాను. వారానికొకసారి, సంత మర్నాడు, కీ ఇవ్వడం నా పని. ఆయన గిన్నె పెట్టి, ఇటుక పొడి పొట్లం విప్పి, ముందురోజు సంతలో ఉప్పుకు మారకంగా తీసుకున్న, నట్లు బిగించే పానాను కిరసనాయిల్లో ముంచారు. మా ఇంట్లో అది మామూలు పని. ఏ పాత పనిముట్టు వచ్చినా మర్నాడు పొద్దున దానికి ఆ స్నానం తప్పదు. నానిన తర్వాత ఇటుక పొడితో, ఆ మీదట గరుకు కాగితంతో రుద్దుతారు. తుప్పు పోయి, మసి పోయి, లోపలి తెలుపు బయటపడేదాకా రుద్దుతారు. తొమ్మిది కాకముందే ఆ పానా తళతళలాడుతూ నా చేతికి వచ్చింది. కాగితం మీద అచ్చు తీసుకోమని ఇచ్చారు. తీసుకున్నాను. అంతే, ఆ రోజు ఇంకేమీ జరగలేదు.

అప్పుడు కొంటా బస్తరు రాజ్యంలో చివరి ఊరు. శబరి నదికి ఇవతలి గట్టు రాజ్యం, అవతలి గట్టు ఇంగ్లీషు వాళ్లది. నేను అవతలి గట్టు పిల్లను. మా నాన్న బడిపంతులు. పెళ్లయి పడవలో వచ్చినప్పుడు బట్టల పెట్టెతో పాటు ఒక పుస్తకాల మూట తెచ్చుకున్నాను. అత్తవారి దుకాణంలో ఉప్పు, కిరసనాయిలు, బట్టలు అమ్మేవారు. అడవి వైపు నుంచి చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు వచ్చేవి. మామగారు పోయాక దుకాణం మా ఆయనదే అయింది గాని, తూకం దగ్గర ఎక్కువగా నేనే కూర్చునేదాన్ని. ఆయన అరుగు మీద ఏదో ఒకటి విప్పుతూ ఉండేవారు. కుట్టు మిషను, పెట్రోమాక్సు లైటు, పోలీసు ఠాణా వాళ్ల సైకిలు. జగదల్‌పూర్ నుంచి వచ్చే మోటారు బస్సు మా ఊళ్లో ఆగి మళ్లీ వెనక్కి వెళ్లాలి. దారిలో ఏదీ చెడకుండా అది వచ్చిన రోజు తక్కువ. అందుకని డ్రైవరు ముందు మా అరుగు దగ్గరికే వచ్చేవాడు.

ఆయనకు పనిముట్లంటే ఉన్న ఇష్టం ఎక్కడ మొదలైందో నాకు తెలియదు. నేను వచ్చేసరికే ఒక చెక్కపెట్టె నిండా ఉన్నాయి. యుద్ధం వచ్చి కొత్త ఇనుము దొరకడం మానేశాక ఆ ఇష్టానికి అవసరం కూడా తోడైంది. కలప కంట్రాక్టర్లు డేరాలు ఎత్తేసిన చోట, సర్వే వాళ్లు వదిలిపోయిన చోట, నీళ్ల పంపు పెట్టి విరమించుకున్న తోటల్లో, ఎక్కడ పాత ఇనుము ఉందని తెలిసినా సైకిలు మీద వెళ్లేవారు. సుత్తులు, పట్టకార్లు, బరమాలు, బాడిశలు అన్నీ తెచ్చేవారు. అన్నిటికన్నా పానాలు ఎక్కువ. ఎందుకో అడిగితే ఒకసారి ఇలా చెప్పారు.

"సుత్తి దేన్నైనా కొడుతుంది. పానాకు అట్లా కుదరదు. దానికి ఎక్కడో ఒక నట్టు ఉంటుంది. ఆ నట్టేదో కనుక్కోవాలె."

కనుక్కునేదాకా ఆ పానా పెట్టెలోకి వెళ్లేది కాదు. వసారాలో ఒక దూలానికి మేకులు కొట్టి ఉండేవి. గుర్తు తెలియనివన్నీ అక్కడ వేలాడేవి. గాలికి ఒకదానికొకటి తగిలి చప్పుడు చేసేవి. నాకు మొదట్లో ఆ చప్పుడు చిరాకు. తర్వాత అది లేకపోతే పుస్తకం మీద మనసు నిలిచేది కాదు.

వాటి మీద అక్షరాలు చదవడం నా వంతు. నాన్న నేర్పిన ఇంగ్లీషు నాకు అక్షరాలు కూడబలుక్కునేంత వచ్చు. పానా మీద పలుచటి కాగితం పెట్టి పెన్సిలు ముల్లు పడుకోబెట్టి రుద్దితే, కంటికి ఆనని అక్షరాలు కూడా కాగితం మీద తేలతాయి. చేసిన ఊరు, అంకె, ఒక్కోసారి ఏదో బొమ్మ. ఆ కాగితాలన్నీ దారంతో కుట్టి ఒక పుస్తకంలా చేశాను. ఏ పానా ఏ దేశానిదో, ఎంత కొలతదో ఆ పుస్తకం చూసి చెప్పేదాన్ని. నా మాట మీద ఆయనకు చాలా నమ్మకం.

అంకెలు మమ్మల్ని రెండేళ్లు ఏడిపించాయి. పానా మీద అర అంగుళం అని ఉంటుంది. స్కేలు పెట్టి కొలిస్తే నట్టును పట్టే నోరు దాదాపు అంగుళం. ఒకటి రెండు కాదు, చాలా వాటికి అంతే. చేసినవాళ్లు అబద్ధం రాశారని నేను తేల్చేశాను. ఒకరోజు బస్సు డ్రైవరు అరుగు మీద టీ తాగుతూ నా మాట విని గ్లాసు కింద పెట్టి నవ్వాడు. అతనిది రాజమండ్రి.

"అమ్మగారూ, మీరు చదువుకున్నారు కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఆ అంకె పానా నోటిది కాదండీ. లోపల దూరే బోల్టు లావుది."

"మరి కొన్నిటికి నోరే సరిపోతుందేం?" అన్నాను.

"అవి అమెరికావి. వాళ్లు నోరు కొలుస్తారు. ఇంగ్లీషోడు కనపడనిది కొలుస్తాడు."

మా ఆయన మూడు రోజులు ఆ మాటే తలుచుకుని నవ్వారు. మేకుల మీద ఉన్న వాటిలో సగానికి పైగా ఆ వారంలోనే పెట్టెలోకి వెళ్లాయి. నేను పుస్తకం మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాను. ఆ సాయంత్రాలు నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది. ఇద్దరం చాప మీద ఎదురెదురుగా కూర్చుని, ఆయన స్కేలు పెట్టి కొలత చెబుతుంటే నేను రాయడం. మధ్యలో ఎవరో ఉప్పుకు వస్తే లేచి ఇచ్చి మళ్లీ వచ్చి కూర్చోవడం. మేం మాట్లాడుకున్నదంతా ఇనుము గురించే. అయినా అది కాపురంలాగే ఉండేది.

ఇక ఆ రోజు కిరసనాయిల్లో ముంచిన పానా సంగతి. కొంటా నుంచి పైకి గ్రావెలు రోడ్డు వేసినప్పుడు రాజ్యం వాళ్లు రోడ్డు తొక్కే ఆవిరి యంత్రాలు తెప్పించారు. ఊళ్లవాళ్లు వాటిని రాళ్ల ఇంజను అనేవారు. రోడ్డు పని ఆగిపోయాక వాటి పనిముట్లు తలో దిక్కూ చెదిరిపోయాయి. మోచేతి అంత పొడవు, రెండు కొసలా నోళ్లు ఉన్న బరువైన పానాలు అవి. ఒక చెంప మీద చేసిన ఊరి పేరు, దాని కింద రాజ్యం వాళ్లు ఉలితో కొట్టించిన రెండు అక్షరాలు. అప్పటికే అలాంటివి మా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి కలప డేరా దగ్గర దొరికింది. ఇంకొకటి పడవ వాళ్లు శబరి ఇసుకలోంచి తీసి ఇచ్చారు. సంతలో దొరికినది మూడోది. తెచ్చింది పాతికేళ్ల మనిషి. ఎవరిదని మా ఆయన అడిగితే, "సర్కారిది" అన్నాడు. రాజ్యం అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి కనుక ఇంకేమీ అడగలేదు. శేరు ఉప్పు కొలిచి ఇచ్చింది నేనే.

నెల తిరగకముందే అతను మళ్లీ వచ్చాడు. ఈసారి వాళ్లక్క వెంట వచ్చాడు. దుకాణం తెరిచిన కాసేపటికి ఆమె అరుగు కింద నిలబడి ఉంది. నలభై దాటిన దొర్ల తెగ మనిషి. భేజ్జి అవతలి పల్లె. రెండు రోజులు నడిచి వచ్చారట. నడుముకు ఒక నార తాడు కట్టుకుని ఉంది, దానికి మూడు ముళ్లు ఉన్నాయి.

"సావుకారీ, నా మొగని ఇనుము నీ కాడ ఉన్నదంట."

"ఏ ఇనుమక్కా?" అన్నారు ఆయన. "మా ఇంట్ల ఉన్నదంత ఇనుమే."

"ఉప్పు తిన్నోడు చెప్తడు." ఆమె తమ్ముడి వైపు చూసింది. "చెప్పు. తినేటప్పుడు పెద్దగ తెరిచినవ్ గదా నోరు."

అతను తల ఎత్తలేదు. "సర్కారిది అనుకున్ననక్కా. దాని మీద సర్కారు ముద్ర ఉండె."

"సర్కారు పట్టుకున్నడా దాన్ని? నీ బావ పట్టుకున్నడు."

కూర్చోమని నీళ్లిచ్చాను. అప్పుడు నెమ్మదిగా చెప్పింది. ఆమె భర్త రాళ్ల ఇంజనుకు కట్టెలు వేసేవాడు. నట్లు వదులైతే బిగించేవాడు. పని ఆగిపోయిన రోజు ఓవర్సీరు ఆ పానా అతని చేతిలో పెట్టి ఉంచుకొమ్మన్నాడట. కిందటి వానల్లో జ్వరం వచ్చి పోయాడు. వాళ్ల పల్లెలో చనిపోయినవాడికి రాయి నిలబెడతారు. బతికినన్నాళ్లూ అతను చేత పట్టిన ఇనుమంతా ఆ రాయి మొదట్లో పెట్టాలి. గొడ్డలి, కత్తి, బాణం ములుకు, ఏది ఉంటే అది. అన్నీ తీసి పెట్టింది. పానా మాత్రం చూరులో కనబడలేదు. రాయికి రోజు పెట్టి తాడుకు ముళ్లు వేసి చుట్టాలందరికీ పంపారు. పొద్దుకొక ముడి విప్పాలి, ముళ్లు అయిపోయిన పొద్దున రాయి నిలబెట్టాలి.

"మూడు మిగిలినయి," అంది.

"అది లేకుండ పెడితే ఏమైతది?" అని అడిగాను. నేను తెలుసుకోవాలనే అడిగాను గాని, అడిగాక తప్పుగా అనిపించింది.

"వాడు రాయిల కూసోడు. ఇంటి సుట్టు తిరుగుతడు. నా ఇనుమేదని అడుగుతడు. నేనేం చెప్పాలె? ఉప్పైందని చెప్పాలెనా?"

మా ఆయన అప్పటికే లోపలికి వెళ్లారు. గోనెపట్టా పరిచి మూడు పానాలూ దాని మీద పెట్టారు. "నీదేదో తీసుకపో అక్కా. ఉప్పు సంగతి మరిచిపో."

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. మూడూ ఒకే పొడవు, ఒకే పోత, మూడింటి మీదా అవే అక్షరాలు. మూడూ తెల్లగా మెరుస్తున్నాయి.

"ఇవెవరివి?" అంది.

"ఇందుల ఒకటి నీదే."

"ఇవి కొత్తయి. నా మొగనిది నల్లగుండె. ఒక దిక్కు గుంటలు గుంటలుండె."

"గుంటలా? అది తుప్పక్కా. నేను రుద్దేసిన."

"తుప్పు గాదు. అవి నేను కొట్టినయి."

మధ్యాహ్నం జావ తీసుకుని ఇంజను దగ్గరికి వెళ్లేదట. అతను తాగేదాకా పక్కన కూర్చుని, దారిలో ఏరుకున్న సార గింజలు ఆ పానా చెంపతో రాయి మీద కొట్టుకునేది. సార గింజ పెంకు గట్టిది, లోపలి పప్పు మెత్తనిది. పప్పు చిదిగిపోకుండా పెంకు పగలాలంటే దెబ్బ తెలియాలి. ఇంజను పోయాక ఇంటి దగ్గర కూడా ఆ పానాతోనే కొట్టింది. పదేళ్లకు పైన. ఆ గుంటలే ఆమె చెబుతున్న గుంటలు.

ఆయన ముఖం నేను చూడలేకపోయాను. నా వైపు తిరిగి, "పుస్తకం తియ్యి," అన్నారు.

నాకు ధైర్యంగానే ఉంది. ఆ పానా అచ్చు నేనే తీశాను కదా. పుస్తకం తెచ్చి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. మూడు కాగితాల మీదా అక్షరాలు చక్కగా తేలి ఉన్నాయి. అక్షరాలున్న చెంపలు మాత్రమే ఉన్నాయి. రెండో చెంప మీద చదవడానికి ఏమీ లేదు కనుక నేను కాగితమే పెట్టలేదు. పైగా అచ్చు తీసింది ఆయన రుద్ది ఇచ్చిన తర్వాత. ఏది ఎవరు తెచ్చారో కూడా రాయలేదు. ఊరు రాశాను, కొలత రాశాను, దేశం రాశాను. పట్టుకున్న మనిషిని రాయలేదు.

అయినా ఊరుకోలేదు. మూడింటిలో ఒక కాగితం కొంచెం కొత్తగా ఉన్నట్టు తోచింది. దాని మీది అక్షరాలతో పానాల అక్షరాలు పోల్చి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇదే."

ఆమె చేతిలో పట్టుకుని ఒకసారి ఆడించి కింద పెట్టింది. "కాదక్కా."

"పుస్తకంల ఉన్నది," అన్నాను.

"పుస్తకం కొట్టిందా గింజలు?"

తమ్ముడు ఆపుకోలేక నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. నాకు రోషం వచ్చి, తర్వాత నేనూ నవ్వాను.

"ఒక రాయియ్యి," అంది ఆమె.

పచ్చడి నూరే రాయి తెచ్చి ఇచ్చాను. ఆమె కొంగు ముడిలో దారిలో తినడానికి తెచ్చుకున్న సార గింజలు ఉన్నాయి. నాలుగు తీసి రాయి మీద పెట్టి, నేను ఇచ్చిన పానాతోనే మొదలుపెట్టింది. అక్షరాలు లేని చెంప కిందికి తిప్పి కొట్టింది. పెంకుతో పాటు పప్పు చిదిగి పిండైంది. నాలుగూ అంతే. రెండో పానా తీసుకుంది. అదీ అంతే. తమ్ముడు, "చెయ్యి నొప్పిగుందేమో అక్కా," అన్నాడు. "నీ నోరు నొప్పి లేదు గదా," అని మూడోది తీసుకుంది.

మూడోదానితో పెంకు రెండుగా విడిపోయి పప్పు నిండుగా పక్కకు దొర్లింది. ఇంకొకటి. ఇంకొకటి. పదో పన్నెండో కొట్టింది. ఒక్కటి కూడా చిదగలేదు. పప్పులన్నీ ఏరి నా చేతిలో పోసి, పానా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది, అంతే.

మా ఆయన అడిగి ఆ పానా తీసుకున్నారు. చెంప మీద ఇనుప స్కేలు అంచు నిలబెట్టి వెలుగు వైపు పెట్టి చూశారు. నన్నూ చూడమన్నారు. స్కేలుకూ పానాకూ మధ్య వెంట్రుక మందాన వెలుగు ఉంది. గుంటలు పోయాయి గాని, అన్నేళ్ల దెబ్బలకు ఆ చెంప నడుమ కొంచెం లోపలికి పోయింది. గింజ ఆ లోతులో నిలుస్తుంది. అందుకే పప్పు చిదగదు. మిగతా రెండింటి మీదా స్కేలు పెడితే వెలుగు రాలేదు.

"నేను వీటి గురించి తెలుసుకున్నది ఏందే?" అన్నారు నాతో. జవాబు కోసం అడిగిన మాట కాదు.

ఆమె లేచి బయల్దేరబోతుంటే ఆయన ఆపారు. బస్సు వెళ్లినంత దూరం బస్సులో తీసుకెళతానని, అక్కడి నుంచి తానూ నడిచి వస్తానని అన్నారు. "పాడు చేసింది నేను. ఒప్పజెప్పాల్సింది కూడా నేనే." నేను కూడా వస్తానన్నాను. దుకాణం అయిదు రోజులు మూసేశాం. మామగారు పోయినప్పుడు తప్ప అది అన్ని రోజులు మూయలేదు.

బస్సు దిగాక నడక. ఎండలు ముదిరిన రోజులు. ఎండ మొదలయ్యాక ఆగి, చల్లబడ్డాక నడిచి, మర్నాడు వాళ్ల పల్లె చేరాం. రాయి అప్పటికే తెచ్చి పడుకోబెట్టి ఉంది. దాన్ని నిలబెట్టిన పొద్దున చుట్టాలంతా వచ్చారు. గొడ్డలి, కత్తి, రెండు బాణం ములుకులు మొదట్లో పెట్టారు. అన్నీ నల్లగా ఉన్నాయి. వాటి పక్కన మా ఆయన పానా పెట్టగానే ఊరి పెద్ద మనిషి వంగి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇదేంది, అద్దం లెక్క ఉన్నది? సచ్చినోడు మొఖం సూసుకుంటడా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పెద్ద మనిషి తర్వాత నెమ్మదిగా, ఇది పట్టిన ఇనుములాగా లేదని, కొత్త ఇనుము పెడితే ఒప్పుకోరని చెప్పాడు. ఆమె మా ఆయన వైపు చూసింది. కోపంగా కాదు. ఇప్పుడు ఏం చేస్తావు అన్నట్టు చూసింది.

ఆయన చెప్పులు విడిచి పొయ్యి దగ్గర కూర్చున్నారు. వంటకు వేసిన నిప్పులు పక్కకు లాగి పానాను వాటిలో పెట్టారు. వేడెక్కిన ఇనుము మీద నూనె రాస్తే మసిబారి నల్లబడుతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇప్పనూనె అడిగి తెప్పించుకుని, గుడ్డ పీలికతో రాసి మళ్లీ నిప్పుల్లో పెట్టి, మళ్లీ రాశారు. చాలాసార్లు చేశారు. నూనె పొగకు కళ్లు ఎర్రబడ్డాయి.

"సావుకారి చేతులు గూడ నల్లగైతున్నయి," అంది ఒక ముసలామె. "ఆయనను గూడ పెడదామా రాయి కాడ?"

"పెట్టండి," అన్నారు ఆయన. "మా ఇంటిదాన్ని అడిగి పెట్టండి."

"తీసుకోండి," అన్నాను. ముసలామె నా భుజం తట్టి నవ్వింది.

పానా నల్లబడింది. గుంటలు మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. పెద్ద మనిషి దాన్ని తిప్పి చూసి ఆమె చేతికిచ్చాడు. ఆమె రాయి మొదట్లో కూర్చుని ఒక గుప్పెడు సార గింజలు దానితో కొట్టింది. పప్పు కొంత రాయి ముందు పోసి, మిగతాది అక్కడున్న అందరికీ తలా నాలుగు పెట్టింది. మాకూ పెట్టింది. ఆ తర్వాత పానా గొడ్డలి పక్కన పెట్టి, లేచి, నడుముకున్న తాడు విప్పి చూపింది. ముళ్లు లేవు. పెద్ద మనిషి తల ఊపాడు.

మేం తిరిగి వచ్చాక ఆయన ఇటుక పొడి పొట్లం పారేశారు. ఆ తర్వాత ఏ పనిముట్టునూ రుద్దలేదు. నూనె గుడ్డతో తుడిచి ఊరుకునేవారు. అప్పటికి రుద్దేసినవి చాలానే ఉన్నాయి. వాటిని తీసి చూస్తూ ఒక్కోసారి చాలాసేపు కూర్చునేవారు. నేను కాగితం రెండు చెంపల మీదా పెట్టడం మొదలుపెట్టాను. ఎవరైనా పాత ఇనుము తెస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న మారింది. "ఇది ఎవరు పట్టుకున్నరు?" అనేవారు. వాళ్ల పేరు, చేసిన పని, చెబితే ఏ చేతివాటమో కూడా నేను రాసేదాన్ని. చెప్పలేకపోతే ఆ ఇనుము తీసుకునేవారు కాదు. సంతలో ఈ సంగతి పాకింది. సావుకారి ఇనుముకు పెళ్లిచూపులు చూస్తాడని నవ్వుకునేవారు. మేకుల మీద వేలాడేవి తగ్గిపోయాయి. రాజ్యం పోయి దేశంలో కలిసిపోయిన రోజుకు దూలం మీద మూడో నాలుగో మిగిలాయి.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు బతికారు. కిందటి ఏడాది పోయారు. శబరి గట్టున చితికి అన్నీ సిద్ధమవుతుండగా నేను ఇంటికి వెళ్లి, ఆయన ఎప్పుడూ జేబులో పెట్టుకు తిరిగిన చిన్న పానా తీసుకు వచ్చాను. పెట్రోమాక్సు నట్లకు వాడేది. ఏం చెయ్యాలనుకున్నానో నాకే స్పష్టంగా తెలియదు. ఆయన మేనల్లుడు చూసి, "అత్తా, ఇనుము కాలుతదా?" అని మెల్లగా అడిగాడు. మాలో అలాంటి ఆనవాయితీ లేదు. తిరిగి తీసుకెళ్లి పెట్టెలో పెట్టేశాను. ఆ పెట్టె, ఆ పుస్తకం నా మంచం పక్కనే ఉన్నాయి. పుస్తకంలో ఆయన పానా పేజీ దగ్గర పట్టుకున్న మనిషి పేరు రాయలేదు. రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఈ ఎండాకాలం మేనల్లుణ్ణి తోడు తీసుకుని ఆ పల్లెకు వెళ్లాను. రోడ్డు మారింది, నడక తగ్గింది. రాయి ఉంది. ఆమె లేదు. ఆమె రాయి భర్త రాయి పక్కనే ఉంది. తమ్ముడు ముసలివాడై ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక మొదట, "ఉప్పు దెచ్చినవా సావుకారమ్మా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మా ఆయన పోయిన సంగతి చెప్పాను. రాయి మొదట్లో పానా కనబడలేదే అని అడిగాను. గొడ్డలి కూడా లేదు.

"పాత ఇనుము ఏరేటోళ్లు లారీ ఏసుకొచ్చి ఎత్తుకపోయిన్రు. ఊర్లున్న రాళ్లన్నిటి కాడ ఎత్తుకపోయిన్రు. నేను అడ్డం పోయిన. ఎవరిదిది, నీదా అన్నరు. నాది గాదంటి. మరెవరిది, సర్కారిదా అన్నరు." అతను బావ రాయి వైపు చూశాడు. "నేను ఏం జెప్పాలె?"

ఆమె రాయి దగ్గర ఏం పెట్టారని అడిగాను. ఏమీ పెట్టలేదన్నాడు. ఆమె కత్తి ఇంట్లోనే చూరులో ఉందట.

ఆ పల్లెలో ఇప్పటికీ చనిపోయినవారికి రాయి నిలబెడతారు. దాని దగ్గర ఇనుము పెట్టరు.